బాలింతకు సొర పిట్టు: కడిగితే పాదరసం పోతుందా?

తమ్ముడూ, పాలు పడాలని మీ అత్తగారు వారానికి రెండుసార్లు మీ ఆవిడకు సొర పిట్టు పెడుతున్నారని, ఉప్పు, పసుపు వేసి కడిగి ఉడికిస్తే పాదరసం పోతుందా అని అడిగారు. పోదు. అది చేప పైన ఉండదు, కండలోని ప్రోటీన్‌ను పట్టుకుని ఉంటుంది. ఉడికించి, తోలు తీసి, పొడిపొడిగా చిదిమి వెల్లుల్లితో వేయించేది ఆ కండనే కదా!

నీళ్లలోని పాదరసాన్ని బ్యాక్టీరియా మిథైల్ మెర్క్యురీ అనే విషపు రూపంలోకి మారుస్తుంది. అది కంటికి ఆనని నాచులోకి, దాన్ని తిన్న చిన్న జీవుల్లోకి, చేపల్లోకి చేరి మెట్టు మెట్టుకూ పెరుగుతుంది. సొర ఆ మెట్ల పైన ఉంటుంది, పైగా ఏళ్ల తరబడి బతుకుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్కల్లో కిలో సొరలో సగటున 0.98 మిల్లీగ్రాముల పాదరసం ఉంటే, కవళ్ల జాతి సార్డైన్లలో 0.013 మాత్రమే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొర తినొద్దని వాళ్లు స్పష్టంగా చెబుతారు. పాల ద్వారా కొంత బిడ్డకూ చేరుతుంది, పసి మెదడుకు అది మంచిది కాదు.

తిన్నదానికి టెన్షన్ పడకండి. ఆపేస్తే సుమారు రెండు నెలల్లో ఒంట్లోది సగానికి తగ్గుతుంది. డాక్టరుకు ఒక మాట చెప్పండి. చేపలు మాత్రం మాన్పించకండి. పెద్దావిడతో వాదన పెట్టుకోకుండా, రేపు బజారు నుంచి మీరే నెత్తళ్లో కవళ్లో తెచ్చి ఆమె చేతికివ్వండి.