నామినీగా ఎవరి పేరుందో ఒకసారి చూసుకో, నాన్నా

నాన్నా,

నీకూ అమ్మాయికీ, పాపకీ మీ అత్త ఆశీస్సులు. బారసాలకి ఎలాగూ వస్తాను. అప్పుడు ఇంటినిండా చుట్టాలుంటారు, ఈ మాట చెప్పడానికి కుదరదు. అందుకే ముందే రాస్తున్నాను.

నీ డబ్బు ఎక్కడెక్కడ ఉందో అక్కడ నామినీగా, అంటే నీ తర్వాత ఆ డబ్బు అందుకునే మనిషిగా, ఎవరి పేరుందో చూసుకో. బ్యాంకులో క్లెయిముల సీటులో కూర్చున్న రోజుల్లో, డబ్బు ఉండి కూడా చేతికందక తిరిగే ఆడవాళ్లను చాలామందిని చూశాను. భర్త ఎప్పుడో ఉద్యోగంలో చేరిన కొత్తలో తండ్రి పేరు రాసి ఉంటాడు. ఆ తండ్రి పోయి ఏళ్లవుతుంది. ఇంకెవరి పేరూ ఉండదు. ఇక ఆమె ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసుకూ, తక్కిన వారసుల సంతకాల కోసం ఊళ్లకూ తిరగాలి. తగాదా ఉంటే కోర్టుకెళ్లి సక్సెషన్ సర్టిఫికెట్, అంటే వారసులు వీళ్లేనన్న పత్రం, తెచ్చుకోవాలి. కర్మకాండ కూడా పూర్తికాకముందే ఆ తిరుగుడు మొదలయ్యేది.

ముందు పీఎఫ్ సంగతి చూడు. కుటుంబం ఉన్నవాడు కుటుంబ సభ్యులనే నామినీగా పెట్టాలని అక్కడ నియమం. కుటుంబం లేనప్పుడు వేరెవరి పేరు రాసినా, పెళ్లయ్యాక అది చెల్లదు. పీఎఫ్ వాళ్ల వెబ్‌సైటు యూఏఎన్ పోర్టల్‌లో ఈ-నామినేషన్ ఉంటుంది. అమ్మాయివీ పాపవీ వివరాలు ఎక్కించి, చివర్లో ఆధార్‌తో ఈ-సైన్ చెయ్యి. చాలామంది వివరాలు నింపి సేవ్ చేసి, అయిపోయిందనుకుంటారు. ఈ-సైన్ పడకపోతే అది నమోదైనట్టు కాదు. ఉద్యోగం చేసిన ఏళ్లను బట్టి కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీకి నామినేషన్ వేరు, అది మీ ఆఫీసులో ఇవ్వాలి. నువ్వు కంపెనీ మారావు కాబట్టి హెచ్‌ఆర్ వాళ్లని తప్పకుండా అడుగు.

బ్యాంకులో ఇప్పుడు పద్ధతి మారింది. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్‌కి నలుగురి వరకూ నామినీలను పెట్టుకోవచ్చు. ఎవరికెంత శాతమో రాయొచ్చు, లేదా ఒకరు లేకపోతే మరొకరు అని వరసగా రాయొచ్చు. లాకరుకి మాత్రం వరస పద్ధతే. సేవింగ్స్ ఖాతాలో నామినీ ఉంది కదా అని ఫిక్స్‌డ్ డిపాజిట్లకీ ఉందనుకోకు, ఒక్కోదానికీ విడిగా చూసుకో. మ్యూచువల్ ఫండ్లు, షేర్లుండే డీమ్యాట్ ఖాతా కూడా అంతే.

పాప పేరు పెడితే, మైనరు కాబట్టి ఆమె తరఫున డబ్బు తీసుకునే పెద్దవాళ్ల పేరు కూడా రాయాలి. ఎల్‌ఐసీ పాలసీలో వాళ్లని అపాయింటీ అంటారు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. బ్యాంకు డబ్బుకీ షేర్లకీ నామినీ అంటే యజమాని కాదు. డబ్బు అందుకుని, హక్కున్న వారసులకు అప్పజెప్పాల్సిన మనిషి. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023లో కూడా ఇదే చెప్పింది. జీవిత బీమాలో మాత్రం 2015లో చట్టం మారింది. తల్లిదండ్రులనో భార్యనో పిల్లలనో నామినీగా పెడితే, ఆ డబ్బు వాళ్లకే చెందుతుంది. వీలునామా లేకుండా పోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడి ఆస్తిలో భార్యా పిల్లలతో పాటు తల్లికీ సమాన వాటా ఉంటుంది. కాబట్టి మా వదినకి ఎంత, అమ్మాయికి ఎంత అన్నది నీ మనసులో ఒకటుంటే వీలునామా రాయి. ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయిస్తేనే నాకు నచ్చుతుంది. చిన్న వయసులో వీలునామా ఏమిటని మీ అమ్మ బాధపడుతుంది. ఆవిడతో నేను మాట్లాడతాను.

మార్చిన ప్రతిచోటా రసీదు తీసుకో. పాసుబుక్కు మీద నామినేషన్ రిజిస్టర్డ్ అని ముద్ర వేయమని అడుగు. ఏ ఖాతా ఎక్కడుందో ఒక కాగితం మీద రాసి అమ్మాయికి చూపించు. పాస్‌వర్డులు అందులో రాయకు.

అన్నయ్య ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఇంకా మా అమ్మ పేరే ఉందని నా అనుమానం. బారసాలకి వచ్చినప్పుడు ఆ బాండ్లు బయటికి తీసి ఉంచమను, నామినీ మార్చే ఫారాలు నేను తెస్తాను.

మీ అత్త