తడి తగిలితే కాల్షియం పని చేయదు

ప్రశ్న: నేను తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. కాల్షియం క్యాటలిస్టు (చర్యను వేగవంతం చేసే పదార్థం), బెంజైల్ ఆల్కహాల్ వాడి కాప్రోలాక్టోన్ నుంచి పాలిమర్, అంటే పొడవాటి గొలుసు అణువులు చేయడం నా ప్రాజెక్టు. ఆగస్టులో చక్కటి తెల్లపొడి వచ్చింది. నవంబరులో అవే కొలతలతో మూడుసార్లు చేసినా జిగట ముద్దే. మా సార్ టిన్ క్యాటలిస్టుకు మారిపొమ్మంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో నవంబరు అన్న మాట చూడగానే నాకు మన ఊరి వానలే గుర్తొచ్చాయి. క్యాటలిస్టును అనుమానించే ముందు నీళ్లను అనుమానించు.

కాప్రోలాక్టోన్ అంటే ఏడు పరమాణువుల ఉంగరం. కాల్షియం ఆ ఉంగరానికి బయట అంటుకుని ఉన్న ఆక్సిజన్‌ను పట్టుకుని సడలిస్తుంది, ఆల్కహాల్ వచ్చి దాన్ని తెరుస్తుంది. తెరుచుకున్న కొసకు ఇంకో ఉంగరం, దానికి మరొకటి. ఎన్ని ఆల్కహాల్ అణువులు వేస్తే అన్ని గొలుసులు మొదలవుతాయి. చిక్కంతా ఏమిటంటే, నీరు కూడా ఆల్కహాల్ లాగే గొలుసు మొదలుపెట్టగలదు. పైగా కాల్షియాన్ని పాడు చేస్తుంది.

లెక్క వేసి చూడు. 11.4 గ్రాముల కాప్రోలాక్టోన్‌ను వంద ఉంగరాల గొలుసులుగా చేయాలంటే ఒక మిల్లీమోల్ (అణువుల సంఖ్యను లెక్కించే కొలత) ఆల్కహాల్ చాలు. ఒక మిల్లీమోల్ నీరంటే 18 మిల్లీగ్రాములే. ఒక్క చుక్క సుమారు 50 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ చుక్క పడితే, కాల్షియం ఇంకా బతికి ఉన్నా, వంద ఉంగరాల గొలుసు పాతిక దగ్గరే ఆగిపోతుంది.

నా పరిశోధన రోజుల్లో, తిరుపతిలోనే, వరసగా నాలుగు బ్యాచ్‌లు ఇలాగే పోయాయి. కాప్రోలాక్టోన్‌ను కాల్షియం హైడ్రైడ్ (నీటితో చర్య జరిపి తేమను తీసేసే పదార్థం) మీద ఆరబెట్టి, వాక్యూమ్‌లో డిస్టిల్ చేసి ఎంతో జాగ్రత్తపడ్డాను. గాజు గొట్టాలను మాత్రం అసిటోన్‌తో కడిగి ఫ్యాన్ గాలికి పెట్టాను. ముసురు పట్టిన రోజు ఫ్యాన్ గాలిలో ఏముంటుంది, తేమే కదా! గొట్టాలను 120 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి, వేడి మీదే వాక్యూమ్‌కు తగిలించాక అయిదో బ్యాచ్ నిలబడింది. నువ్వూ అలాగే చెయ్యి. ద్రావకంగా వాడే టోలుయిన్‌ను, ఆల్కహాల్‌ను కూడా ఆరబెట్టు. కాల్షియం హైడ్రైడ్ ఉన్న ఫ్లాస్కును బిగించి మూయొద్దు, హైడ్రోజన్ వస్తుంది. మంట దగ్గర అసలే వద్దు.

మీ సార్ మాటలోనూ న్యాయం ఉంది. టిన్ ఆక్టోయేట్ కాస్త తేమను ఓర్చుకుంటుంది, పరిశ్రమల్లో ఎక్కువగా వాడేది కూడా అదే. దానికి వేడి కావాలి. మంచి కాల్షియం క్యాటలిస్టు గది ఉష్ణోగ్రతలోనే, నిమిషాల్లో పని ముగిస్తుంది. ఒంట్లో కరిగిపోయే కుట్టుదారాల వంటివాటిలో లోహం రవ్వంత మిగిలినా, అది మన ఎముకల్లో ఉండేదే అయితే బెంగ తక్కువ. అందుకే ఈ దారి వదలొద్దంటున్నాను.

పాడైన ముద్దను పారేయకు. ఎన్‌ఎంఆర్ (అణువుల నిర్మాణాన్ని చూపే పరీక్ష) తీయించు. 5.1 దగ్గర బెంజైల్ గుర్తు, 3.65 దగ్గర గొలుసు కొస కనిపిస్తాయి. రెండూ సమానమైతే నీరు గొలుసులు మొదలుపెట్టలేదని అర్థం, అప్పుడు క్యాటలిస్టు పాడైందేమో చూడాలి, అది తేమ వల్ల కూడా కావచ్చు. 3.65 పెద్దదైతే నీరే గొలుసులు మొదలుపెట్టిందని అర్థం. ఆ కాగితం పట్టుకుని మీ సార్ దగ్గరికి వెళ్లు.