‘పాత్రలన్నీ కల్పితం’ అని వేస్తే చాలా?

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు. రోజూ విజయవాడలో ఆఫీసుకి వెళ్లొస్తుంటాను. నాతోపాటు పనిచేసే ఒకామెను మేనేజర్ లైంగికంగా వేధించాడు. కమిటీ ముందు నేనూ సాక్ష్యం చెప్పాను. నలుగురు స్నేహితులం దాన్ని షార్ట్ ఫిల్మ్‌గా తీసి యూట్యూబ్‌లో పెడదామనుకుంటున్నాం. ఆమె ఇచ్చిన కమిటీ రిపోర్టులోంచే డైలాగులు రాశాం. పేర్లు మార్చి, మొదట్లో ‘పాత్రలన్నీ కల్పితం’ అని వేస్తే చాలా? నవ్వుల కోసం కుంటుతూ నడిచే క్లర్క్ పాత్ర కూడా పెట్టాం. దానికేమైనా ఇబ్బందా? — ఒక పాఠకురాలు

జవాబు: చాలదు. సినిమా తీయండి, తప్పకుండా తీయండి. ఆ రిపోర్టును మాత్రం పక్కన పెట్టేయండి.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టంలో సెక్షన్ 16 ఉంది. ఫిర్యాదులో ఏముందో, ఎవరు ఎవరిపై పెట్టారో, సాక్షులెవరో, విచారణలో ఏం జరిగిందో, కమిటీ ఏం సిఫారసు చేసిందో ఏ రూపంలోనూ జనానికి తెలియనివ్వకూడదని అందులో ఉంది. ఆమె ఒప్పుకుంటే బయటపెట్టొచ్చన్న మాట ఆ సెక్షన్‌లో లేదు. న్యాయం జరిగిందని చెప్పుకోవచ్చు, ఆమెనూ సాక్షులనూ గుర్తుపట్టే వివరాలేవీ లేకుండా.

గుర్తుపట్టడానికి పేరే అక్కర్లేదు. గుంటూరు నుంచి రైల్లో వచ్చే అమ్మాయి, బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు, ఫలానా హోదా ఉన్న మేనేజర్ అంటే మీ ఆఫీసులో అందరికీ తెలిసిపోతుంది. అతను పరువు నష్టం కేసు వేస్తే మీరు మొదట్లో వేసిన ఆ ఒక్క వాక్యం మిమ్మల్ని కాపాడదు. అందుకే ఊరు, ఉద్యోగం, జరిగిన తీరు అన్నీ మార్చండి. ఆమె పడ్డ బాధను మాత్రం మార్చకండి.

ఇక కథ విషయం. చాలా షార్ట్ ఫిల్ముల్లో హీరో వచ్చి బాస్‌ను కొడతాడు, లేదంటే అమ్మాయి రాజీనామా చేస్తుంది. చూసే ఆడపిల్లలకు ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో మాత్రం తెలియదు. మీరు అది చూపించండి. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షత మహిళదే, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలే, బయటి సభ్యులు ఒకరుండాలి. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, తగిన కారణముంటే మరో మూడు నెలలు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ‘డబ్బు తీసుకుని సర్దుకుపోమ్మా’ అని కమిటీ చెప్పే సీన్ రాస్తే, అది చట్టవిరుద్ధమని కూడా సినిమాలో తెలియాలి. రాజీ ఆమె అడిగితేనే జరగాలి, అదీ డబ్బు మీద కాదు. ఆఫీసు ఊడ్చే కాంట్రాక్టు మనిషికీ, ట్రెయినీ అమ్మాయికీ ఇదే రక్షణ ఉంది. కథ వాళ్లదైనా బాగుంటుంది.

మీ షూటింగ్ కూడా పనిచేసే చోటే. జీతం లేకుండా వచ్చినవారికీ చట్టం వర్తిస్తుంది. సినిమా యూనిట్లలో అంతర్గత కమిటీ ఉండాలని కేరళ హైకోర్టు 2022లోనే చెప్పింది. మీది పదిమంది కంటే తక్కువ ఉన్న యూనిట్ అయితే ఫిర్యాదు జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్తుంది. ఈ సంగతి మీ నటికి ముందే చెప్పండి.

క్లర్క్ పాత్ర గురించి చదివి బాధ కలిగింది. వేధింపుల గురించి తీస్తూ ఇంకొకరి నడకను చూసి నవ్వించడమేమిటి? దివ్యాంగులను ఎలా చూపించాలో 2024 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వైకల్యాన్ని అవమానించే హాస్యం వేరు, దాన్ని అర్థం చేయించే హాస్యం వేరని చెప్పింది. రాసే ముందు వాళ్లనే అడగమంది. ఆ క్లర్క్ కుంటుతూ నడవొచ్చు, కానీ అతనికీ కథలో ఒక పని ఉండాలి. సాక్ష్యం చెప్పేది అతనే కావచ్చు కదా.

యూట్యూబ్‌లో పెట్టడానికి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు, థియేటర్లో వేస్తే కావాలి.

షూటింగ్ మొదలుపెట్టే ముందు కొత్త స్క్రిప్టు ఆమెకు చదివి వినిపించండి. ఏ సీన్ దగ్గరైనా ‘ఇది నేనే అని తెలిసిపోతుంది’ అంటే, ఎంత బాగా వచ్చినా ఆ సీన్ తీసేయండి.