హెర్మిట్ పీత కొత్త గుల్లలోకి ఎందుకు మారడం లేదంటే...

ఖాళీ నత్తగుల్లల్లో తలదాచుకునే మీ హెర్మిట్ పీతకు పాత గుల్ల ఇరుకైపోయిందని, రంగులు వేసిన మూడు గుల్లలు పెట్టినా వాటిని ముట్టుకోవడం లేదని రాశారు. కంగారుపడకండి. నాకు అనుమానం పీత మీద కాదు, ఆ గుల్లల మీదే.

అది గుల్లను ఎలా పరీక్షిస్తుందో చూశారా? ముందు దొర్లిస్తుంది, కాళ్లతో పైనంతా తడుముతుంది. తర్వాత డెక్కను లోపలికి దూర్చి ఎంత చోటుందో చూసుకుంటుంది. నచ్చితేనే మెత్తటి పొట్టను పాత గుల్లలోంచి లాగి, క్షణాల్లో కొత్తదానిలోకి జారిపోతుంది. పొట్టకు రక్షణ లేని ఆ కొద్ది క్షణాలే దానికి ప్రాణగండం. అందుకే అంత ఆచితూచి అడుగేస్తుంది.

మీరు చూడవలసింది గుల్ల మూతి. పీత లోపలికి ముడుచుకున్నప్పుడు పెద్ద డెక్క తలుపులా మూతికి అడ్డుపడాలి. కాబట్టి ఆ డెక్క కన్నా మూతి కాస్త పెద్దదిగా ఉండే గుల్లలు, కొద్దికొద్ది తేడాలతో నాలుగైదు పెట్టండి. కొన్ని జాతులకు గుండ్రటి మూతి ఇష్టం, కొన్నిటికి కోలగా ఉన్నది. ఇప్పుడున్న గుల్ల మూతి చూస్తే మీకే తెలుస్తుంది.

రంగు గుల్లలు మాత్రం తీసేయండి. పెచ్చులూడిన రంగును పీత తినేస్తుంది. సహజమైన ఖాళీ గుల్లలను నీళ్లలో మరిగించి, చల్లార్చి పెట్టండి. బలవంతంగా మాత్రం ఎప్పుడూ బయటికి లాగకండి. వదలడం కన్నా తెగిపోవడానికే సిద్ధపడుతుంది.

ఇసుకలో పూడుకుపోతే కుబుసం విడుస్తోందేమో, తవ్వకండి. పైకి వచ్చేసరికి కొత్త గుల్లలు పక్కనే ఉండాలి.