రాళ్ల పెట్టె అరువు తెచ్చుకునే ముందు

అమ్మా,

ఆశీస్సులు. వచ్చే నెల శిలల పాఠం చెప్పాలి, చూపడానికి పుస్తకంలో బొమ్మలు తప్ప ఏమీ లేవని రాశావు. బొమ్మలతో మాత్రం ఆ పాఠం మొదలుపెట్టకు. కొన్ని భూవిజ్ఞాన సంఘాలు శిలలు, ఖనిజాలు, శిలాజాల నమూనాలు పెట్టెలో సర్ది ఉపాధ్యాయులకు అరువిస్తాయి. అడిగి తెచ్చుకో.

అడిగేటప్పుడు "రాళ్లు కావాలి" అని ఊరుకోకు. ఏ తరగతి, ఎంతమంది పిల్లలు, ఏ పాఠం, ఏ తేదీలకు కావాలో రాయి. వేటిని గీకి చూడవచ్చు, వేటి మీద ఆమ్లం చుక్క వేయవచ్చు అన్నదీ ముందే తెలుసుకో. నా తొలి ఏడాదిలో ఆ మాట అడగలేదు. ఆ పెట్టెలో అద్దంలా తేటగా ఉన్న కాల్సైట్ అనే ఖనిజపు స్ఫటికం ఒకటి ఉండేది. అక్షరం మీద పెడితే అక్షరం రెండుగా కనిపించేది. ఖనిజం గీతకు ఎంత తట్టుకుంటుందో 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలమానంలో కాల్సైట్ కాఠిన్యం 3 మాత్రమే. ఒక పిల్లవాడు ఇనుప మేకుతో గీశాడు. గీత అలాగే ఉండిపోయింది. వాడిని ఏమీ అనలేదు, చెప్పవలసింది నేనే. జరిగింది దాచకుండా సంఘానికి రాశాను, మరుసటి ఏడాదీ పెట్టె ఇచ్చారు. గీకడానికి, ఆమ్లం వేయడానికి సున్నపురాయి ముక్కలు నువ్వే విడిగా పోగుచేసుకో.

పెట్టె రాగానే జాబితాతో సరిచూసి ఫొటో తీసుకో. రాళ్ల మీది అంకెలు చెరగకూడదు, గూళ్లు మారకూడదు. మారితే నీ తరువాత తీసుకున్న ఉపాధ్యాయురాలు తప్పు పేరు నేర్పుతుంది. ఉప్పురాయి తడి గాలికి చెమ్మగిల్లుతుంది, మూత పెట్టి ఉంచు.

తరగతిలో పేర్లు ముందే చెప్పకు. పిల్లల ఒక చేతిలో గాలెనా అనే ఖనిజం, రెండో చేతిలో అంతే పరిమాణం ఉన్న క్వార్ట్జ్ (పలుగురాయి) పెట్టు. గాలెనా దాదాపు మూడు రెట్లు బరువు, ఆ చెయ్యి చటుక్కున కిందికి దిగుతుంది. "ఎందుకు?" అని వాళ్లే అడుగుతారు. సాంద్రత అన్న మాట అప్పుడు చెప్పు. గాలెనా సీసపు ఖనిజం, పాఠం కాగానే అందరిచేతా చేతులు కడిగించు.

నువ్వు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలుంటే కాగితం మీద రాసి పెట్టెలోనే పెట్టి తిప్పి పంపు. వాటిని చదివి జవాబు రాసేవాళ్లు అక్కడ ఉంటారు.