ట్యూబ్‌లెస్ టైరును ఇంట్లోనే రిమ్ముకు కూర్చోబెట్టడం గురించి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ సైకిలుకు కొత్త ట్యూబ్‌లెస్ టైరును, అంటే లోపల ట్యూబు లేకుండానే గాలి పట్టే టైరును, రిమ్ముకు ఎక్కించి భుజాలు నొప్పి పుట్టేదాకా పంపు కొట్టినా గాలంతా అంచుల వెంట బుస్సుమని బయటికే పోతోందని, టైరులోనే ఏదైనా లోపం ఉందేమోనని రాశావు. నా అనుభవంలో ఇలాంటప్పుడు తప్పు టైరుది కావడం అరుదు. టైరూ రిమ్మూ రెండూ ట్యూబ్‌లెస్‌కు పనికివచ్చేవేనా, రెండింటి మీదా ఒకే కొలత ఉందా (29 అంగుళాల చక్రానికైతే 622 మి.మీ., 27.5 అంగుళాల చక్రానికైతే 584 మి.మీ.) అని ముందు చూసుకో. అవి సరిపోతే ఇక మిగిలింది, గాలి లోపలికి వెళ్లే వేగానికీ బయటికి పోయే వేగానికీ మధ్య జరిగే పందెం మాత్రమే.

రిమ్మును అడ్డంగా కోసినట్టు ఊహించుకో. నడుమ ఒక గాడి, దానికి రెండు వైపులా చిన్న అరుగులు, ఆ అరుగుల వెనుక గోడలు కనిపిస్తాయి. టైరు అంచు, అంటే బీడ్, ఎక్కించినప్పుడు గాడిలో వదులుగా పడి ఉంటుంది. గాలి నింపినప్పుడు అది పైకి జారి అరుగు మీద బిగిసి కూర్చోవాలి. అది గాడిలో ఉన్నంతసేపూ సందు ఉంటుంది కనుక లోపల ఒత్తిడి పెరగదు, ఒత్తిడి పెరగనిదే అంచు అరుగెక్కదు. 29 × 2.4 అంగుళాల టైరు లోపల ఐదారు లీటర్ల చోటు ఉంటుంది, మామూలు ఫ్లోర్ పంపు ఒకసారి కొడితే వెళ్లే గాలి అర లీటరుకు అటూ ఇటూ. ఆ కాస్త గాలీ జారిపోకముందే తరువాతిది అందుకోవాలి. అందుచేత నేను ముందు సందు తగ్గిస్తాను, తరువాత గాలి వెళ్లే దారిని వెడల్పు చేస్తాను, పంపు జోలికి అన్నిటికంటే చివర వెళతాను.

సందు తగ్గించడం రిమ్ము లోపల చుట్టే టేపుతో మొదలవుతుంది. 1999లో మావిక్ సంస్థ తెచ్చిన యూఎస్‌టీ అనే ట్యూబ్‌లెస్ రకం రిమ్ముల లోపలి గోడకు స్పోకుల రంధ్రాలే ఉండేవి కావు కాబట్టి వాటికి టేపుతో పనిలేదు. నీ రిమ్ముకు ఆ రంధ్రాలు ఉన్నాయి. టేపు సరిగా అంటుకోకపోతే గాలి వాటి గుండా రిమ్ము కడుపులోకి దిగి ఎక్కడో దూరంగా బయటపడుతుంది, నువ్వేమో టైరు అంచును నిందిస్తూ ఉంటావు. పాత జిగురంతా తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వు. టేపు రిమ్ము లోపలి వెడల్పు కంటే రెండు మూడు మి.మీ. ఎక్కువ ఉంటే గాడి వంపులోకి దిగి కూడా రెండు అరుగులనూ కప్పుతుంది. వాల్వు రంధ్రానికి కొంచెం ముందు మొదలుపెట్టి, టేపును బలంగా సాగదీస్తూ, బొటనవేలితో గాడిలోకి ఒత్తుతూ చుట్టు పూర్తిచేసి, మొదలైన చోటును దాటి మరో పది పదిహేను సెం.మీ. అతికించాకే కత్తిరించు. వదులుగా చుట్టిన టేపు కింద బుడగలు మిగులుతాయి, రేపు సీలెంట్ (చిన్న రంధ్రాలను మూయడానికి టైరులో పోసే ద్రవం) వాటిలోకే దారి చేసుకుంటుంది. ఈ ఒక్క పనికి అరగంట పట్టినా పరవాలేదు. నా చేతిలో మొండికేసిన టైర్లలో చాలావరకు చివరికి తప్పు టేపు దగ్గరే దొరికింది.

వాల్వు రంధ్రం దగ్గర టేపును కత్తితో కొయ్యవద్దు, ఆ కోత చిరుగై పాకుతుంది. సన్నని మేకు మొనను వేడిచేసి గుచ్చితే చుట్టూ కరిగి గుండ్రంగా నిలబడుతుంది. వాల్వు రబ్బరు అడుగును లోపలి నుంచి నొక్కి పట్టుకుని బయటి నట్టును వేళ్లతోనే బిగించు, పటకారు వాడకు.

టైరు ఎక్కించేటప్పుడు పక్కన ముద్రించిన బాణం చక్రం తిరిగే దిశకు ఉండాలి. వాల్వుకు సరిగ్గా ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించు. వాల్వు అడుగు గాడిని ఆక్రమించిన చోట అంచు లోతుకు దిగదు. ఆ చోటును ఆఖరుకు వదిలితేనే మిగతా చుట్టంతా గాడిలోకి దిగి నీకు కావలసిన వదులు దొరుకుతుంది. చివరి జానెడు మొండికేస్తే ప్లాస్టిక్ లీవరు వాడవచ్చు, ఇనుపది వాడితే అప్పుడే వేసిన టేపు చిరుగుతుంది. ఎక్కించిన తరువాత వాల్వును వేలితో కొంచెం లోపలికి తోసి, రెండు అంచులూ దాని అడుగుకు చెరో పక్కన ఉన్నాయో లేదో చూడు. అంచు వాల్వు అడుగు మీద కూర్చుంటే ఎంత పంపు కొట్టినా వృథాయే. మడతపెట్టి అమ్మిన టైరైతే అంచుల్లో వంకరలు మిగిలి ఉంటాయి, కాబట్టి ఒక రాత్రి ట్యూబు వేసి గాలి నింపి ఉంచితే అది తన ఆకారానికి వస్తుంది.

ఇక దారి వెడల్పు చేయడం. వాల్వు లోపల గాలి వెనక్కి రాకుండా ఆపే సన్నని కోర్ ఉంటుంది, దాన్ని పూర్తిగా విప్పి తీసివేయి. అది ఉన్నప్పుడు గాలి సూదిబెజ్జంలోంచి వెళ్లినట్టే వెళుతుంది. రెండు అంచుల చుట్టూ చిక్కని సబ్బు నీరు బ్రష్షుతో పూయి. అది అంచును జారనిస్తుంది, సందును కొంతవరకు కప్పుతుంది కూడా. చక్రాన్ని నేల మీద నిలబెడితే బరువుకు అడుగున టైరు నొక్కుకుపోతుంది కనుక కొక్కేనికో సైకిలుకో వేలాడదీసి, అప్పుడు విరామం లేకుండా వేగంగా పంపు కొట్టు. రెండు మూడు చోట్ల 'టప్' మన్న చప్పుడు వినిపిస్తే అంచు అరుగెక్కినట్టే. టైరు పక్కన, రిమ్ముకు కొద్దిగా పైన ఒక సన్నని గీత ఉంటుంది. ఆ గీత చుట్టూరా రిమ్ముకు సమాన దూరంలో ఉంటేనే పని పూర్తయినట్టు. ఒక చోట లోపలికి మునిగి కనిపిస్తే గాలి తీసి, అక్కడ మళ్లీ సబ్బు పూసి, మరోసారి నింపు.

అయినా లొంగకపోతే నేను ఎక్కువగా నమ్ముకునే ఉపాయం ఇది. వాల్వు తీసి, మామూలు ట్యూబు వేసి, రెండు అంచులూ కూర్చునేదాకా గాలి నింపి, తరువాత ఒక్క వైపు అంచు మాత్రమే ఊడదీసి ట్యూబును బయటికి లాగి, వాల్వును తిరిగి పెట్టు. రెండో అంచు అప్పటికే బిగిసి ఉంటుంది కాబట్టి నువ్వు మూయవలసిన సందు సగమే. అదీ చాలకపోతే టైరు మధ్యగా చుట్టూ పట్టీ కట్టి బిగించు, నడుమ నొక్కితే అంచులు గోడల వైపు విచ్చుకుంటాయి. టేపు ఇంకో వరుస వేసినా వదులు తగ్గుతుంది. కంప్రెసర్ గానీ, ట్యూబ్‌లెస్ కోసమే చేసిన గాలి ట్యాంకు గానీ దొరికితే మరీ మంచిది. శీతల పానీయపు సీసాలతో సొంతంగా ట్యాంకు చేయడం, మండే ద్రవం చల్లి నిప్పుపెట్టడం మాత్రం నువ్వెక్కడ చూసినా అనుకరించవద్దు. మొదటిది చేతిలో పేలుతుంది, రెండోది ముఖం కాలుస్తుంది.

ఒత్తిడి విషయంలో నా మాట ఖచ్చితంగా విను. టైరు మీద, రిమ్ము మీద రాసిన గరిష్ఠ పీఎస్ఐలలో (గాలి ఒత్తిడి కొలతలలో) ఏది తక్కువో అదే హద్దు. ఎక్కువ టైర్లు 20 నుంచి 40 మధ్యనే కూర్చుంటాయి. రోడ్డు సైకిలు సన్నని టైరు 80 తట్టుకుంటోంది కదా అని వాదించకు. ఒత్తిడి ఒకటే అయినా టైరు వెడల్పైన కొద్దీ రిమ్ము గోడల మీద పడే లాగుడు పెరుగుతుంది. ఒకసారి విసుగెత్తి నేను హద్దు దాటించాను, అదీ ముందే సీలెంట్ పోసిన టైరును. అంచు రిమ్ము గోడ దాటి ఎగిరింది, చాలాసేపు చెవులు గింగుర్లెత్తాయి, తెల్లని సీలెంట్ చుక్కలు పైకప్పు మీద ఇప్పటికీ ఉన్నాయి. అప్పటి నుంచి కళ్లద్దాలు పెట్టుకోనిదే పంపు ముట్టను, టైరు పొడిగా కూర్చోనిదే సీలెంట్ పోయను.

టైరు కూర్చున్నాక పంపు తీస్తే గాలి పోతుంది, అంచులు మాత్రం సాధారణంగా అరుగు మీదే నిలుస్తాయి. అప్పుడు సీలెంట్ సీసాను బాగా కుదిపి, 29 × 2.4 పరిమాణపు టైరుకు 100 నుంచి 120 మి.లీ. సిరంజితో వాల్వు గుండా ఎక్కించి, కోర్ బిగించి, 30 పీఎస్ఐ దాకా నింపు. చక్రాన్ని తిప్పి, అటూ ఇటూ ఊపి, ఒక్కో పక్కన కొంతసేపు బకెట్ మీద పడుకోబెట్టు. తరువాత చిన్న చుట్టు తొక్కి వస్తే సీలెంట్ అంతటా పరుచుకుంటుంది. ఆపైన సబ్బు నీరు చల్లి చూడు. టైరు అంచున వచ్చే సన్నని బుడగలు కాసేపటికి అవే ఆగుతాయి. వాల్వు మొదలు దగ్గర వస్తే నట్టు మరికొంచెం తిప్పు. స్పోకు మొదలు దగ్గర బుడగ కనిపిస్తే కారణం టేపే, దానికి సీలెంట్ ఎంత పోసినా తాత్కాలికమే. విప్పి కొత్త టేపు వెయ్యి.

తొక్కేటప్పుడు నీ బరువుకు 22 నుంచి 26 పీఎస్ఐ మధ్య మొదలుపెట్టు, ముందు చక్రానికి ఒకటి రెండు తగ్గించవచ్చు. రెండు నెలలకొకసారి లోపల సీలెంట్ తడిగా ఉందో లేదో చూడు, ఎండలు ముదిరితే ఇంకా త్వరగా ఆరిపోతుంది. దారిలో ముల్లుకు కాక రాతికి టైరు కోసుకుపోతే సీలెంట్ ఆపలేదు కాబట్టి ఒక ట్యూబు వెంట ఉంచుకో. అది వేయాలంటే ఈ వాల్వును ఊడదీయాలి, నట్టు వేళ్లతోనే బిగించమన్నది అందుకే.

మొదటి రాత్రి గడిచాక గేజిలో ఎంత కనిపించిందో రాయి. నాలుగైదు పీఎస్ఐ తగ్గితే కంగారుపడకుండా మళ్లీ నింపి మరో రోజు చూడు. పూర్తిగా దిగిపోయి ఉంటే, బుడగ ఎక్కడ నుంచి వస్తోందో గుర్తుపెట్టి మరీ రాయి.

ఇట్లు,
మామయ్య