మీ ఇంట్లో శత్రువు ఎవరు?

ప్రశ్న: మాది గుంటూరు. నా వయసు 42. మావారు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసేవారు. రెండేళ్ల క్రితం బాగా దెబ్బతిన్నాం. అప్పటినుంచి ఆయన ఉపవాస కూటాలకు వెళ్తున్నారు. ప్రార్థన పెరిగితే మంచిదే కదా అనుకున్నాను. ఇప్పుడు ‘నేను క్రీస్తు సైనికుణ్ణి, ఇది యుద్ధకాలం’ అంటున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి అందరం మోకరించాలి. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి కునుకు తీసిందని మొన్న చెంప మీద కొట్టారు. అడ్డుపడితే ‘నీలోంచి సాతాను మాట్లాడుతున్నాడు’ అన్నారు. మా మరిది వేరే మతం అమ్మాయిని చేసుకున్నాడని గడప తొక్కనివ్వరు. క్రిస్మస్‌కి వాళ్లు తెచ్చిన అరిసెల డబ్బా ప్రహరీ గోడ మీదే ఉండిపోయి చీమలు పట్టింది. బైబిల్ వాక్యంలో నిజంగా ఇలాగే ఉందా? నా విశ్వాసమే తగ్గిపోయిందా?

జవాబు: మీ విశ్వాసం తగ్గలేదమ్మా. తగ్గితే ‘వాక్యంలో ఇలాగే ఉందా’ అని అడిగేవారే కాదు.

క్రీస్తు సైనికుడు అనగానే బైబిల్లో అపొస్తలుడైన పౌలు చెప్పిన కవచం గుర్తొస్తుంది. సండే స్కూల్లో ఆ కవచం బొమ్మకు నేనూ రంగులు వేసినదాన్నే. శిరస్త్రాణం, డాలు, ఖడ్గం ఒక్కొక్కటీ కంఠతా వచ్చేవి. అవి ఎఫెసు సంఘానికి పౌలు రాసిన ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయంలో పదో వచనం నుంచి మొదలవుతాయి. దానికి ముందు ఏముందో మాత్రం పెద్దయ్యాకే చదివాను. భర్తలు భార్యల్ని ఎలా ప్రేమించాలో ఉంది. ‘తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక’ అని ఉంది. పౌలు ముందు ఇల్లు సర్దుకోమన్నాడు, ఆ తర్వాతే కవచం తొడుక్కోమన్నాడు. కవచం దగ్గరికి వచ్చాక కూడా వెంటనే ‘మనము పోరాడునది శరీరులతో కాదు’ అంటాడు. మీరు, మీ అమ్మాయి, మీ మరిది, ఆయన కట్టుకున్న అమ్మాయి అందరూ శరీరులే, అంటే రక్తమాంసాలున్న మనుషులే. ఆ మాట ప్రకారం మీలో ఎవ్వరూ శత్రువులు కారు.

ఈ మాటలు రాసినవాడు కత్తి పట్టినవాడు కాదు. తాను సంకెళ్లలో ఉన్నానని అక్కడే రాసుకున్నాడు. రోములో అతనికి ఒక సైనికుణ్ణి కాపలా పెట్టారని బైబిల్లోని అపొస్తలుల కార్యములు చెబుతుంది. సైనికుల కింద ఖైదీగా బతికిన మనిషి విశ్వాసికి సైనికుడి పోలిక తెచ్చాడంటే, తోటివాళ్ల మీద పెత్తనం చెయ్యమని అయి ఉంటుందా? తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రికలో ‘మంచి సైనికునివలె నాతోకూడ శ్రమను అనుభవించుము’ అన్నాడు. శ్రమను అనుభవించమన్నాడు, ఇంకొకరికి పెట్టమనలేదు. అదే అధ్యాయం చివర ప్రభువు దాసుడు జగడమాడకూడదనీ, అందరితో సాధువుగా ఉండాలనీ అంటాడు. గెత్సేమనేలో యేసును పట్టుకోవడానికి వచ్చినప్పుడు శిష్యుడు పేతురు కత్తి దూసి ఒకడి చెవి నరికినప్పుడు యేసు కత్తిని ఒరలో పెట్టమన్నాడు, ఆ చెవిని బాగుచేశాడు.

బాపట్ల వైపు సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ మందిరాలు మీరు చూసే ఉంటారు. విలియం బూత్ 1865లో లండన్‌లో మొదలుపెట్టిన ఆ సంస్థకు 1878లో ఆ పేరు వచ్చింది. సభ్యుల్ని సైనికులనే పిలుస్తారు, యూనిఫాం కూడా ఉంటుంది. ఆ సైన్యం మన నిడుబ్రోలులో ఆసుపత్రి పెట్టింది. నాకు తెలిసిన క్రీస్తు సైన్యం అలాంటిది.

ఇక మీవారి సంగతి. ఆయన చెడ్డవాడని నాకు అనిపించడం లేదు, భయపడి ఉన్నాడనిపిస్తోంది. వ్యాపారం చేతిలోంచి జారిపోయింది. యార్డులో నలుగురి ముందు తలెత్తుకోలేని రోజులు వచ్చి ఉంటాయి. అలాంటి మనిషికి ‘నువ్వు సైనికుడివి’ అన్న మాట ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో ఆలోచించండి. ఆ ధైర్యాన్ని ఆయన దగ్గర్నుంచి లాక్కోకండి. పౌలు చెప్పిన డాలు రోమా సైనికుల పొడవాటి డాలు. ఇంచుమించు తలుపంత ఉంటుంది, చెక్క మీద తోలు కప్పి చేస్తారు. పక్కపక్కన నిలబడి డాలుకు డాలు ఆనిస్తే గోడలా ఉండేది. మీవారు ఆ డాలును మీకూ తనకూ మధ్య అడ్డం పెట్టుకున్నారు. మీ పక్కన నిలబడి పట్టుకోవాల్సింది అది. ఈ మాట ఆయనకు ఇలాగే చెప్పండి, కానీ నాలుగింటి ప్రార్థనలో వద్దు. రాత్రి అన్నాలయ్యాక, అప్పుల టెన్షన్ లేని రోజు చూసి, ఎఫెసీ అయిదో అధ్యాయం మధ్య నుంచి ఆరు చివరిదాకా ఇద్దరూ కలిసి పైకి చదవండి. ఆయన్నే చదవమనండి. మీరు వ్యాఖ్యానం చెయ్యకండి, వినండి చాలు.

అమ్మాయి విషయంలో మాత్రం ఆగొద్దు. చెంపదెబ్బకు వాక్యాన్ని అడ్డం పెట్టుకోవడం తప్పు. పరీక్షలున్న పిల్లకు నిద్ర కావాలి, అది నాతో ఆరింటికి ప్రార్థన చేసుకుంటుంది అని ఆయనకు స్పష్టంగా చెప్పండి. మళ్లీ చెయ్యి ఎత్తితే అమ్మాయిని తీసుకుని పుట్టింటికో, మీకు నమ్మకమైనవాళ్ల ఇంటికో వెళ్లండి. మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లలకు 1098. ఆ నంబర్లకు ఫోన్ చేస్తే విశ్వాసం లేనట్టు కాదు.

మీ సంఘం అయ్యగారిని ఒకసారి ఇంటికి పిలవండి. కూటంలో అందరి ముందూ కాకుండా, ఇంట్లో కూర్చుని మాట్లాడమనండి. ‘నీలో సాతాను’ అన్న మాట భార్యతో అనకూడదని ఆయన నోటితో చెబితే మీవారు వినే అవకాశం ఉంది. అప్పుల లెక్క కూడా ఎవరైనా పెద్దమనిషితో కలిసి కాగితం మీద వేయించండి. ఆయన అసలు యుద్ధంలో సగం అక్కడే ఉందని నా అనుమానం.

మీ మరిదికి మీరే ఫోన్ చెయ్యండి. మీవారు గడప తొక్కనివ్వకపోతే మీరూ అమ్మాయీ వాళ్లింటికి వెళ్లి రండి, వెళ్తున్నామని ఆయనకు చెప్పే వెళ్లండి. ఆ అరిసెల డబ్బా ఎలాగూ తిరిగి ఇవ్వాలి. కడిగి, ఖాళీగా ఇవ్వకుండా మీ చేత్తో చేసినది ఏదైనా పెట్టి తీసుకెళ్లండి.